బిళ్ళలక్క ఆపిన కరెంటు

ఒకనాటి మధ్యాహ్నం ఊరు మొత్తానికీ కరెంటు రాకుండా ఆపిన మనిషి గురించి రాస్తున్నాను. ఆవిడ చేతిలో అధికారమంటూ ఏమీ లేదు. ఒక ఇనప స్టూలు, మేకులు కొట్టిన చెక్క బోర్డు, ఆ మేకులకు వేలాడే ఇత్తడి బిళ్ళలు, అంతే. కిందటి నెల ఆవిడ పని మానేసింది. మోకాళ్ళు ఇక ఆ ఇనప మెట్లు ఎక్కనివ్వలేదు. ఆవిడ దిగిపోయే రోజు ప్లాంటులో చిన్న సభ పెట్టి ఎవరెవరో మాట్లాడారట. మైకు సరిగ్గా పనిచేయక సగం మాటలు ఎవరికీ వినపడలేదని మా ఆయన చెప్పాడు. కరెంటు తయారుచేసే చోట మైకు పనిచేయకపోవడం మాకు కొత్తేమీ కాదు. ఆ వినపడని సగం నేను రాస్తాను. రాయాల్సింది కూడా నేనే, ఎందుకంటే ఆ మధ్యాహ్నం కరెంటు ఆగింది మా ఆయన కోసం.

మా ఊరి బతుకంతా ఆ ప్లాంటు చుట్టూనే. సర్కారు వాళ్ళది. ఒక పక్క నుంచి బొగ్గు రైళ్ళు వస్తాయి, ఇంకో పక్క నుంచి లావుపాటి తీగల మీద కరెంటు పోతుంది, మధ్యలో మిగిలే బూడిద మా నెత్తిన పడుతుంది. పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి చుక్కల చొక్కా అవుతుంది. దాన్ని తిట్టని రోజు లేదు. అయినా ఏ రోజైనా చిమ్నీ నుంచి పొగ రాకపోతే ఊరంతా వీధిలోకి వచ్చి పైకి చూస్తుంది. పొగ ఆగితే మా పొయ్యి ఆగినట్టే. పర్మనెంటు వాళ్ళకి గోడ లోపల క్వార్టర్లు, చెట్లు, నీళ్ళ ట్యాంకు ఉంటాయి. మాలాంటి కాంట్రాక్టు వాళ్ళం గోడకి ఇవతల వరసగా కట్టిన గదుల్లో ఉంటాం. ఒక గది, ఒక వంట మూల, వాకిట్లో రేకు పంచ. ఆ గోడకి చెవి ఆనిస్తే లోపలి యంత్రాల చప్పుడు సన్నగా వినిపిస్తుంది. ఆ చప్పుడు లేకపోతే మా పిల్లకి నిద్ర పట్టేది కాదు.

మా ఆయన పని పరంజా కట్టడం. ఏడాదికోసారి బాయిలర్‌ని ఆర్పి, చల్లార్చి, లోపల బాగుచేస్తారు. బయట వాళ్ళకి బాయిలర్ అంటే పెద్ద గిన్నెలా ఉంటుందనుకుంటారు. నేనూ పెళ్ళయిన కొత్తలో అలాగే అనుకుని నవ్వులపాలయ్యాను. అది అంతస్తుల మీద అంతస్తుల మేడంత ఎత్తున్న ఖాళీ గది. నాలుగు గోడలూ గొట్టాలే. ఆ గొట్టాలకి అతుకులు వేసేవాళ్ళు పైదాకా ఎక్కాలి కదా, వాళ్ళ కోసం లోపల ఇనప పైపులూ చెక్కలూ కట్టి మెట్టు మెట్టుగా లేపేది మా ఆయన జట్టు. పనంతా అయ్యాక మళ్ళీ విప్పి బయటికి అందించేదీ వాళ్ళే. అందరికంటే చివర బయటికొచ్చేదీ వాళ్ళే.

మా ఆయనకి జట్టు పెట్టిన పేరు నిద్రగన్నేరు. ఎక్కడ వాలితే అక్కడ నిద్ర. పైపుల కుప్ప మీద, బస్సులో కడ్డీ పట్టుకుని, ఒకసారి మా అన్నయ్య పెళ్ళిలో వరసలో నిలబడే నిద్రపోయాడు. పని మీదున్నప్పుడు మాత్రం పిల్లిలా ఉంటాడు, ఒప్పుకోవాలి. పని అయిందంటే చాలు, కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. ఈ సంగతి ప్లాంటంతా తెలుసు. ఆ రోజు జరిగినదానికి సగం కారణం ఈ నిద్రే.

ఇక బిళ్ళలక్క. ఆవిడ ఆ ప్లాంటుకంటే ముందు నుంచీ ఉంది. ఆ చిమ్నీ పునాది తవ్వేటప్పుడు వయసులో ఉన్న పిల్ల, కంకర తట్టలు మోసింది. చిమ్నీ ఎంత ఎత్తని ఎవరైనా అడిగితే, "నా మెడనడుగు, అదే చెబుతుంది" అనేది. కట్టడం అయిపోయాక తట్ట పక్కన పెట్టి చీపురు పట్టింది. టర్బైన్ల హాలు ఊడ్చేది. ఒక ఏడాది బాయిలర్ తలుపు దగ్గర కూర్చునే ముసలి మేస్త్రీకి జ్వరమొచ్చింది. మనిషి దొరక్క, ఊడుస్తూ కనపడిన ఈవిణ్ణి పిలిచి ఒక్క పూట కూర్చోమన్నారు. ఆ పూట ఆవిడ జుట్టు నెరిసేదాకా సాగింది.

ఆ తలుపుని మ్యాన్‌హోల్ అంటారు. మనిషి వంగి దూరేంత ఇనప తలుపు. లోపలికి వెళ్ళే ప్రతివాడికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, దాని మీద వాడి అంకె చెక్కి ఉంటుంది. దూరే ముందు బిళ్ళ ఆవిడ చేతికివ్వాలి. ఆవిడ బోర్డుకి తగిలిస్తుంది. బయటికొచ్చాక అడిగి తీసుకోవాలి. బోర్డు మీద ఒక్క బిళ్ళ వేలాడుతున్నా తలుపు బిగించకూడదు. తలుపు బిగించాక లోపల మంట పెడతారు కాబట్టి. ఆ మంట పెట్టాక లోపలున్నవాడి గురించి మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. ముసలి మేస్త్రీ జ్వరంలోనే ఆవిడకి పని నేర్పాడట. "తల తిప్పకు. ఇచ్చిన చెయ్యే తీసుకోవాలి. పక్కవాడి బిళ్ళ పక్కవాడికి ఇచ్చావో, నీకంటే పెద్ద హంతకురాలు ఉండదు" అన్నాడట. ఆయన మళ్ళీ ఆ స్టూలు దగ్గరికి రానే లేదు. ఈవిడ మాత్రం ఆ మాటకి చెవిలో ఇల్లు కట్టి దాచుకుంది.

లోపల మనుషులున్నంతసేపూ ఆవిడ గుక్కెడు నీళ్ళు తాగేది కాదు. తాగితే లేచి వెళ్ళాల్సి వస్తుందని. బిళ్ళ తీసుకునేటప్పుడు మొహంలోకి చూసేది. తిన్నావా, నిద్రపోయావా, ఇంట్లో గొడవపడ్డావా, అన్నీ ఆ చూపులోనే అడిగేది. నోట్లో మందు వాసనొస్తే బిళ్ళ తీసుకునేది కాదు, వెనక్కి పంపేసేది. వాడు ఎంత పెద్ద కాంట్రాక్టరు మనిషైనా సరే. మధ్య మధ్యలో తలుపులో తల పెట్టి, "ఒరేయ్, అందరూ ఒకసారి పలకండిరా" అని కేకేసేది. లోపలి నుంచి ఒక్కొక్కడూ పలకాల్సిందే. మొదట్లో విసుక్కునేవాళ్ళట. "అక్కా, పైనుంచి స్వర్గానికి దారి కనపడింది, మేం అటే పోతున్నాం" అని ఎగతాళి చేస్తే, "పోండిరా నాయనా, బిళ్ళలు తీసుకుని మరీ పోండి" అనేది. ఆ కేక కోసం లోపల చెవులు ఎదురు చూస్తాయని మా ఆయన ఒకసారి చెప్పాడు. ఆ చీకట్లో, ఆ దుమ్ములో, ఎవరో మనల్ని లెక్కలో ఉంచుకున్నారని తెలుస్తుందట.

ఇదంతా నేను వినీ విననట్టు విన్నాను. మా ఆయన ఇంటికొచ్చి అక్క ఇలా అంది, అక్క అలా అంది అంటుంటే, "అంత బాగుంటే ఆ అక్క దగ్గరే ఉండకపోయావా" అనేదాన్ని. నాకు ముక్కు మీద కోపం. ఇది అందరూ చెప్పేదే, నేను దాచేది లేదు.

ఆ ఏడాది ఓవర్‌హాలు, అదే ఏడాదికోసారి బాయిలర్ బాగుచేసే పని, ఎండాకాలంలోకి జరిగింది. ఊళ్ళో కరెంటు కోతలు. బాయిలర్ ఎప్పుడు వెలుగుతుందా అని జనం ఎదురుచూస్తున్నారు. చివరి రోజున పరంజా విప్పే పనికి మనుషులు తక్కువై మా ఆయన రెండు షిఫ్టులు కలిపి చేశాడు. పొద్దెక్కాక ఇంటికొచ్చాడు. మొహం కూడా కడుక్కోలేదు. నేను కంచం పెట్టేలోపే గచ్చు మీద వాలి గురక మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఫ్యాను ఆగి పొద్దుటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. పిల్ల ఒళ్ళంతా చెమట. నేనూ పక్కింటావిడా గుమ్మంలో కూర్చుని అట్టముక్కలతో విసురుకుంటూ కరెంటు వాళ్ళని నోటికొచ్చినట్టు తిడుతున్నాం. పొద్దున్నే ఇస్తామన్నారు, ఏం గాడిదలు కాస్తున్నారో, వాళ్ళ ఇళ్ళల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, ఇలాంటివి. కరెంటు వాళ్ళలో ఒకడు నా వెనకే గురకపెడుతున్నాడన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

అప్పుడే ప్లాంటు జీపు వచ్చి మా వాకిట్లో ఆగింది. అందులోంచి ఫోర్‌మన్ దిగాడు. చొక్కా తడిసి ముద్దయింది. నన్ను పలకరించకుండానే గదిలోకి తొంగిచూసి, గుమ్మం మీద కూలబడ్డాడు. డ్రైవరు వైపు తిరిగి, "ఉన్నాడ్రా. బతికే ఉన్నాడు" అన్నాడు.

నేను చప్పున లేచి నిలబడ్డాను. "బతికే ఉన్నాడంటే ఏంటయ్యా? పోయాడని ఎవరన్నారు?"

"అమ్మా, నీకు దండం పెడతాను, ముందు ఆయన్ని లేపు."

మా ఆయన్ని లేపడమంటే మాటలు కాదు. భుజం కుదిపాం, పేరు పెట్టి పిలిచాం, చివరికి చెంబుడు నీళ్ళు మొహాన గుమ్మరించాను. లేచి కూర్చుని, "పైపులన్నీ వచ్చేశాయా?" అన్నాడు.

"పైపులన్నీ వచ్చాయి. నువ్వే రాలేదు" అన్నాడు ఫోర్‌మన్. "నీ బిళ్ళ ఇంకా బోర్డు మీదే ఉంది."

మా ఆయన ఖాళీ జేబు తడుముకున్నాడు. అప్పుడు తెలిసింది జరిగింది. చివరి పైపులు పై అంతస్తులో ఉన్న ఇంకో తలుపులోంచి బయటికి అందించారు. పైపుల వెనకే తనూ అటు నుంచే దూరి బయటికొచ్చాడు. రెండు షిఫ్టుల మత్తులో కిందికి దిగి బిళ్ళ తీసుకోవాలన్న మాటే మరిచి, బయటి మెట్ల మీదుగా నేరుగా ఇంటికొచ్చేశాడు. అక్కడ పై తలుపు బిగించేశారు. కింద తలుపు బిగించబోతుంటే బిళ్ళలక్క అడ్డం కూర్చుంది.

"ఫోను చెయ్యొచ్చుగా" అన్నాను.

"చేశామమ్మా. స్విచాఫ్."

ఫోనులో చార్జింగు లేదు. చార్జింగు పెట్టడానికి కరెంటు లేదు. కరెంటు ఎందుకు లేదో ఆ క్షణాన అందరికీ అర్థమైంది. పక్కింటావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తడి బనియను మీదే మా ఆయన్ని జీపెక్కించారు. నేనూ ఎక్కాను. "నువ్వెందుకమ్మా" అన్నాడు ఫోర్‌మన్. "ఈయన భయంలో నోరు విప్పితే ఉన్న పని కూడా ఊడుతుంది. నేనుంటే నోరైనా మూయిస్తాను" అన్నాను. పిల్లని పక్కింటావిడకి అప్పజెప్పాను.

దారంతా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది, అదీ బిళ్ళలక్క మీద. "నువ్వు కళ్ళారా చూశావు కదా, వెళ్ళి ఇంట్లో ఉన్నాడని చెబితే చాలదా? మనిషిని తడిబట్టలతో ఈడ్చుకెళ్ళాలా?" అని ఫోర్‌మన్‌ని నిలదీశాను.

"ఆ మాట పెద్దసారు కూడా అన్నారమ్మా. లోపల ఇద్దర్ని పంపి వెతికించారు కూడా. లైట్లు పట్టుకుని అడుగు నుంచి పైదాకా చూసొచ్చారు. వాళ్ళిద్దరి దగ్గరా బిళ్ళలు తీసుకుని మరీ లోపలికి పంపింది ఆవిడ. ఎవరూ లేరని చెబితే, 'లేకపోతే మంచిదే, ఆ మనిషిని తీసుకురండి, ఇచ్చిన చెయ్యే తీసుకోవాలి' అంది. ఈయన ఎక్కడపడితే అక్కడ నిద్రపోతాడని అందరికీ తెలుసు కదా. ఏ గొట్టాల సందులో పడి ఉన్నాడోనని ఎవరికీ గట్టిగా ఏమీ అనబుద్ధి కాలేదు."

మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

గేటు దగ్గర నాకు పాసు లేదన్నారు. ఫోర్‌మన్ వాళ్ళ మీద అరిచి నా నెత్తిన ఒక హెల్మెట్ బోర్లించాడు. అది ముక్కు దాకా జారింది. ఇనప మెట్లు ఎక్కాం. మెట్లు, వసారాలు అన్నీ జల్లెడలాంటి ఇనప రేకులు, కిందికి చూస్తే పాదాల కింద పాతాళం కనిపిస్తుంది. పక్క కడ్డీ గట్టిగా పట్టుకున్నాను. ఇన్నేళ్ళుగా ఈయన రోజూ తొక్కే దారి ఇదా అనుకున్నాను. ఇంటికొచ్చి నిద్రపోతున్నాడని ఎన్నిసార్లు సాధించానో అప్పుడే గుర్తొచ్చింది.

పేరుకి కింద తలుపే గానీ అదీ ఎత్తులోనే ఉంది. దాని దగ్గర జనం గుమికూడి ఉన్నారు. తలుపు బిగించేవాళ్ళు పానాలు చేతబట్టుకుని నిలబడ్డారు. పెద్దసారు, అంటే ఆ ప్లాంటు పెద్ద ఇంజనీరు, ఫోను చెవికి ఆనించుకుని ఎవరికో "ఇంకాసేపు సార్, ఇంకాసేపు" అని చెబుతున్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాపం ఆయనా ఎన్ని రోజులుగా నిద్రపోలేదో. అందరికీ ఎదురుగా, తెరిచిన ఆ ఇనప తలుపు గుమ్మంలో, వీపు లోపలి చీకటికి ఆనించి ఒక బక్కపల్చటి ఆవిడ కూర్చుంది. నేనింకా పెద్ద గయ్యాళిని ఊహించుకున్నాను. ఈవిడ మొహంలో పౌరుషం లాంటిదేమీ లేదు. భయం ఉంది. రెండు కాళ్ళూ వణుకుతున్నాయి. వాటిని ఆపడానికి మోకాళ్ళ మీద చేతులు అదిమి పెట్టుకుంది. పక్కన బోర్డు మీద మేకులన్నీ ఖాళీ. ఒక్క మేకుకి మాత్రం బిళ్ళ వేలాడుతోంది.

"వచ్చాడమ్మా నీ మనిషి. చూసుకో. ఇక లే" అన్నాడు పెద్దసారు.

"బిళ్ళ తీసుకోమనండి సార్" అంది ఆవిడ.

మా ఆయన ముందుకెళ్ళాడు. ఆవిడ బోర్డు మీంచి బిళ్ళ తీసి, అంకె చూసి, ఆయన మొహం చూసి, అరచేతిలో పెట్టింది. పెట్టి వెంటనే వదల్లేదు. ఆ చేతిని కాసేపు అలాగే పట్టుకుంది. మనిషి వేడిగా ఉన్నాడో లేడో చూసుకుంటున్నట్టు.

"ఏమైనా తిన్నావా?" అని అడిగింది.

"లేదక్కా."

"వెళ్ళి తిని పడుకో."

ఆవిడ లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. చుట్టూ ఇంతమంది ఉండి ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. ఆవిడ మీద అందరికీ కోపంగా ఉంది. నేనే వెళ్ళి చెయ్యిచ్చి లేపాను. ఎందుకిచ్చానో తెలియదు, అప్పటికి నా కోపం కూడా పూర్తిగా పోలేదు. వెంటనే తలుపు మూసి బోల్టులు బిగించడం మొదలుపెట్టారు. ఆ చప్పుడులోనే పెద్దసారు ఆవిడతో, "రేపటి నుంచి నువ్వు రావద్దు. మిగతాది తర్వాత చూద్దాం" అన్నాడు. అరవలేదు, అలసిపోయిన గొంతుతోనే అన్నాడు. ఆవిడ సరే సార్ అంది. స్టూలు తీసి గోడ పక్కన పెట్టి, బోర్డు తుడిచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తిరుగు ప్రయాణానికి మాకు జీపెవరూ ఇవ్వలేదు. ఎండలో నడుచుకుంటూ వచ్చాం. దారిలో నేను ఆయన్ని తిట్టలేదు. ఇల్లు చేరి అన్నం పెట్టాను. ఆయన సగం తిన్నాక ఫ్యాను కదిలింది. వీధిలో పిల్లలు కేకలేశారు. ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని, "నిజంగానే లోపల పడుకుని ఉంటే" అని ఆగిపోయాడు.

ఆ మిగతా మాట నేను మనసులో పూర్తి చేసుకున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ మనిషి కోసం ఏదైనా ఆగడం నేను చూడలేదు. చెయ్యెత్తితే బస్సు ఆగలేదు. ఆసుపత్రి వరసలో మా వంతు వచ్చేసరికి కిటికీ మూసేవాళ్ళు. పనిలో కాలు విరిగి మంచాన పడితే మర్నాటికే ఆయన చోట ఇంకొకడు పైపు పట్టుకున్నాడు. అలాంటి మనిషి కోసం ఒక పూట ఊరంతా ఆగింది. దుకాణాలు, మరలు, ఆఫీసులు, నేను, పక్కింటావిడ, అందరం చెమటలు కక్కుతూ ఆగాం. ఆపింది మా చుట్టమా పక్కమా, జీతం కూడా సరిగ్గా లేని ఒక ముసలావిడ. ఆవిణ్ణి నేను జీపులో నోటికొచ్చినట్టు అన్నాను. ముద్ద మింగుడుపడక ఆయన, కన్నీళ్ళు ఆగక నేను, ఇద్దరం ఫ్యాను కింద అలా కూర్చుండిపోయాం.

మర్నాడు ఆయన పెద్దసారు దగ్గరికి వెళ్ళాడు. తప్పు తనదేనని, ఆవిణ్ణి మళ్ళీ తీసుకోమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. సారు విన్నాడు, విచారణ జరుగుతోందని చెప్పి పంపేశాడు. ఫోర్‌మన్‌కి చెప్పాడు, యూనియన్ వాళ్ళకి చెప్పాడు. ఆవిడ చోటికి ఆఫీసులోంచి ఎవరో యువకుణ్ణి వేశారని తెలిసింది. ఆ అబ్బాయి చెడ్డవాడేం కాదు. చెవిలో ఫోను తీగలు పెట్టుకుని పాటలు వింటూనే ఏ పనైనా చేసేవాడట.

నాకు ఆవిడింటికి వెళ్ళాలనే ఉంది. మొహం చెల్లక రోజులు గడిపేశాను. కొన్ని వారాల తర్వాత బాయిలర్‌లో ఎక్కడో గొట్టం చిల్లుపడి మళ్ళీ ఆపేశారు. మళ్ళీ కోతలు. ఆ పొద్దున ఇక మనసు ఒప్పక, పిల్లని చంకనేసుకుని బయల్దేరాను. ఆవిడిల్లు రైలు పట్టాల పక్క సందులో ఉంది. ముందు గదిలో కుట్టుమిషను, వెనక చిన్న పెరడు. పెరట్లో కూర్చుని బట్టలుతుకుతోంది. నన్ను చూసి, "హెల్మెట్ లేకపోతే నువ్వింత చిన్నదానివా" అంది.

నేను నిలబడే క్షమించమన్నాను. జీపులో ఏమేం అన్నానో అన్నీ చెప్పేశాను. ఆవిడ నవ్వింది. "జీపులోనే కదా అన్నావు. మిగతావాళ్ళు నా మొహం మీదే అన్నారు. కూర్చో."

కూర్చున్నాను. నా మనసులో చాలా రోజులుగా నలుగుతున్న మాట అడిగాను. "అక్కా, మీ వాళ్ళెవరికైనా అక్కడ ఏదైనా జరిగిందా? అందుకేనా అంత పట్టుదల?"

"నాకా? నా మొగుడు టైలరు. బాయిలర్ ఏ వైపుందో కూడా తెలియదు. అదిగో, లోపల పడుకుని గురకపెడుతున్నాడు. నీకు వినపడటం లేదా?" అంది. "ఆ తలుపు దగ్గర నా ఎరుకలో ఎవరికీ ఏమీ కాలేదమ్మాయ్. కాకూడదనే కదా కూర్చోబెట్టారు."

"మరి మా ఆయన లోపలే ఉన్నాడని గట్టిగా అనుకున్నావా?"

ఆవిడ చేతిలో బట్ట పిండి, దులిపి, తీగ మీద వేసింది. తర్వాత నా వైపు తిరిగింది. "లేడనే అనుకున్నాను. వెతికొచ్చినవాళ్ళు మంచి పనివాళ్ళు, వాళ్ళు లేడంటే లేనట్టే. నీ మొగుడు ఇంటికెళ్ళి పడుకుని ఉంటాడని నాకూ అనిపించింది. కానీ అనిపించడం మీద తలుపు వేయలేను కదా. ఈ రోజు అనిపించి వేస్తాను, అది నిజమే అవుతుంది. రేపూ అనిపిస్తుంది, రేపూ నిజమే అవుతుంది. అలా అలవాటు పడిన చేతికి ఏదో ఒక రోజు నిజం కాకపోతే? అప్పుడు ఆ ఇల్లాలికి నేనేం చెప్పను, నాకు అలా అనిపించిందమ్మా అని చెప్పనా?"

ఆ ఇల్లాలిని నేనే. ఆవిడ కాళ్ళు అంతలా వణికింది, తనదే తప్పని తేలుతుందని దాదాపుగా తెలిసీ కూర్చున్నందుకన్నమాట. మా ఆయన ఇంట్లో దొరికితే తన పని పోతుందని తెలుసు. దొరకాలనే కోరుకుంది.

"పని పోయిందని బాధగా లేదా అక్కా?"

"ఎందుకుండదు. పొద్దున్నే మెలకువ వస్తుంది, ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. ఇప్పుడు మళ్ళీ బాయిలర్ ఆపారట కదా, ఎవడెవడు దూరుతున్నాడో, ఆ అబ్బాయి పిలుస్తున్నాడో లేదో. అదే దిగులు." ఇంకో బట్ట తీసి సబ్బు రాయడం మొదలుపెట్టింది.

అప్పుడే సందులో జీపు హారను వినిపించింది. సందు ఇరుకు, జీపు లోపలికి రాలేదు. డ్రైవరు పరిగెత్తుకుంటూ వచ్చాడు, మా ఇంటికొచ్చిన డ్రైవరే. నన్ను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు.

"అక్కా, తొందరగా రా. పెద్దసారు రమ్మంటున్నారు."

"విచారణా?" అంది ఆవిడ.

"కాదు. చిల్లుపడిన గొట్టం చూడటానికి పెద్దసారే లోపలికి దూరాలంట. తలుపు దాకా వచ్చారు, హెల్మెట్ పెట్టుకున్నారు, జేబులోంచి బిళ్ళ తీశారు. ఆ అబ్బాయి ఫోను చూసుకుంటూనే చెయ్యి చాచాడు. సారు ఇవ్వబోయి ఆగిపోయారు. ఆ చెయ్యి వంక చూసి, లోపల చీకటి వంక చూసి, బిళ్ళ మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. ఆవిడేది, ఆవిణ్ణి పిలవండి అన్నారు."

ఆవిడ చేతులు కడుక్కుంది. లోపలికి తొంగిచూసి, "నేను పనికి పోతున్నా. బట్టలు ఆరేసి పెట్టు" అని మొగుడికి కేకేసింది. గురక ఆగింది.

నేను డ్రైవరుని అడక్కుండా ఉండలేకపోయాను. "ఇంతదూరం వచ్చి తీసుకెళ్ళేదాకా పని ఆగిందా? పైనుంచి ఫోన్లు రావడం లేదా?"

"మోగుతూనే ఉన్నాయమ్మా. ఊళ్ళో జనం కేకలేస్తున్నారు, ఎంతసేపని అడుగుతున్నారు. బిళ్ళ గుప్పిట్లో పట్టుకుని తలుపు పక్కనే నిలబడ్డారు సారు. 'ఆగమని చెప్పండి. ఈసారి లోపలికి వెళ్ళేది నేను' అన్నారు."

బిళ్ళలక్క అప్పటికే సందు చివరికి చేరింది. మోకాళ్ళ నొప్పి మీదే వీలైనంత వేగంగా నడుస్తోంది, ఆయన ఎదురుచూస్తున్నాడని. నేను పిల్లని దించి ఆ పెరట్లో గోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. టైలరు మొగుడు లేచొచ్చి ఏమైందని కంగారుపడ్డాడు. ఏమీ కాలేదు బాబాయ్, ఎవరికీ ఏమీ కాలేదు అని చెప్పి, ఆవిడ వదిలి వెళ్ళిన బట్టలన్నీ నేనే ఉతికి ఆరేసి వచ్చాను.